బెర్లిన్‌లో దిగిన మొదటి వారం: ఏ పని ముందు, ఏ పని తర్వాత, ఊరు ఎప్పుడు చూడాలి

సెప్టెంబర్ వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకటే మెసేజ్‌లు. "అక్కా వీసా స్టాంప్ అయింది, టికెట్ కూడా బుక్ చేశాం, దిగాక ఫస్ట్ ఏం చేయాలి?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా వాయిస్ నోట్లు పెట్టీ పెట్టీ, ఇంక ఒకేసారి వివరంగా రాసేద్దామని కూర్చున్నా. ఇది ముఖ్యంగా మాస్టర్స్‌కి వచ్చే స్టూడెంట్స్ కోసం. ఉద్యోగం మీద వచ్చేవాళ్ళకి కూడా సగానికి పైగా పనికొస్తుంది.

మొదటే ఒక మాట చెప్తా, మిగతాదంతా దాని మీదే ఉంది. ఇక్కడ అన్నిటికీ మూలం అడ్రస్. అడ్రస్ రిజిస్టర్ అయితేనే టాక్స్ నంబర్ వస్తుంది, చాలా బ్యాంకుల్లో అకౌంట్ తెరుస్తారు, రెసిడెన్స్ పర్మిట్ పని ముందుకెళ్తుంది. కాబట్టి వారం ప్లాన్ మొత్తం దాని చుట్టూ వేసుకోండి, ఊరు చూడటం మధ్య ఖాళీల్లో పెట్టుకోండి.

## 1. ఫ్లైట్ ఎక్కక ముందే చేయాల్సినవి

సగం మంది ఇక్కడికొచ్చాక ఇబ్బంది పడేది ఇక్కడ చేసిన తప్పు వల్ల కాదు, ఇంటి దగ్గర చేయకుండా వదిలేసిన దాని వల్ల. అందుకే ఈ భాగం కాస్త పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ఇల్లు. రూమ్ దొరికింది అనగానే సంబరపడిపోకుండా ఓనర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "ఈ అడ్రస్ మీద ఆన్‌మెల్డుంగ్ చేసుకోవచ్చా, వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ ఇస్తారా?" ఆన్‌మెల్డుంగ్ అంటే అడ్రస్ రిజిస్ట్రేషన్. ఆ రెండో పొడుగాటి పేరు, మీరు ఆ ఇంట్లో ఉంటున్నారని ఇల్లిచ్చినవాళ్ళు సంతకం పెట్టి ఇచ్చే కాగితం. రెంటల్ అగ్రిమెంట్ చూపిస్తే సరిపోదు, ఈ కాగితమే కావాలి. షేరింగ్ ఫ్లాట్‌లో అయితే అగ్రిమెంట్ ఎవరి పేరు మీద ఉందో ఆ మెయిన్ టెనెంట్ కూడా ఇవ్వొచ్చు. "ఇల్లు ఇస్తాం కానీ ఆన్‌మెల్డుంగ్ కుదరదు" అన్నారంటే అది పది రోజులు తల దాచుకోడానికే, ఉండటానికి కాదు అని గుర్తుపెట్టుకుని ఇంకోటి వెతుకుతూనే ఉండండి.

ఇల్లు చూడకుండా, వీడియో కాల్‌లో కూడా చూపించకుండా "డిపాజిట్ పంపండి, తాళాలు కొరియర్ చేస్తాం" అనేవాళ్ళకి ఒక్క యూరో కూడా పంపొద్దు. ఎంత మంచిగా మాట్లాడినా సరే, పాస్‌పోర్ట్ కాపీ పంపించినా సరే. ఆ పాస్‌పోర్ట్ కూడా వేరే ఎవరిదో అయి ఉంటుంది.

అద్దె మాట్లాడేటప్పుడు కాల్ట్‌మీటె అంటే ఉత్త అద్దె, వార్మ్‌మీటె అంటే హీటింగ్, నీళ్ళు లాంటి ఖర్చులు కలిపి. డిపాజిట్ చట్టప్రకారం మూడు నెలల ఉత్త అద్దెకి మించకూడదు, దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు కూడా మీకుంది. ఇది తెలియక మొత్తం ఒకేసారి కట్టేసి, నెలంతా డబ్బుల్లేక బ్రెడ్డు తిని గడిపిన పిల్లల్ని చూశా.

అపాయింట్‌మెంట్. రిజిస్ట్రేషన్ జరిగే ఆఫీస్ పేరు బ్యుర్గర్‌ఆమ్ట్. ఇల్లు మారిన 14 రోజుల్లోపు రిజిస్టర్ చేసుకోవాలి అని రూల్. స్లాట్లు మాత్రం అంత తేలిగ్గా దొరకవు. కాబట్టి అడ్రస్ ఖాయం అయిన రోజే, ఇండియా నుంచే, బెర్లిన్ సిటీ వెబ్‌సైట్‌లో బుక్ చేసేయండి. మీ ఏరియా ఆఫీసే అవ్వాలని లేదు, బెర్లిన్‌లో ఏ బ్యుర్గర్‌ఆమ్ట్ అయినా ఓకే. ఊరి చివర ఆఫీసుల్లో త్వరగా దొరుకుతాయి. జర్మనీలో పొద్దున ఎనిమిదింటికల్లా రిఫ్రెష్ చేస్తూ ఉంటే ఎవరో క్యాన్సిల్ చేసుకున్న స్లాట్లు పైకొస్తాయి. మన టైమ్ వాళ్ళకంటే సమ్మర్‌లో మూడున్నర గంటలు, వింటర్‌లో నాలుగున్నర గంటలు ముందు, అది లెక్క వేసుకోండి.

డబ్బు. స్టూడెంట్ బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేస్తారు కదా, అందులోంచి నెలకి 992 చొప్పున వస్తుంది. కానీ దిగిన రోజే చేతికి రాదు! ఇక్కడ మామూలు అకౌంట్ తెరిచి, దాని నంబర్ ఇచ్చి, డాక్యుమెంట్లు అప్‌లోడ్ చేసి, వాళ్ళు చూసి ఓకే అన్నాకే మొదటి నెల డబ్బు పడుతుంది. దీనికి వారం నుంచి మూడు వారాల దాకా పడుతుందని అనుకుని రండి. మొదటి అద్దె, డిపాజిట్‌లో మొదటి వాయిదా, ఒక నెల తిండి, ఇవి ఫారెక్స్ కార్డ్‌లో వేసుకుని, దాంతోపాటు రెండు మూడు వందల యూరోలు చిన్న నోట్లుగా తెచ్చుకోండి.

ఫోన్. ఇండియా సిమ్ తీసేయొద్దు. మీ ఇండియా బ్యాంక్ ఓటీపీలన్నీ దానికే వస్తాయి. బయల్దేరే ముందే రోమింగ్ ఆన్ చేయించి, కార్డ్‌కి ఇంటర్నేషనల్ వాడకం కూడా ఆన్ చేసుకోండి. ఇక్కడికొచ్చాక ఓటీపీ రాక, కార్డ్ పనిచేయక, అర్ధరాత్రి నాన్నని నిద్ర లేపి బ్యాంక్‌కి పంపించడం ఇవన్నీ ఎందుకు.

తిండి సామాను. ఇక్కడే ఎక్కువ మంది తప్పు చేస్తారు. యూరప్ బయటి నుంచి మాంసం, పాలతో చేసినవి తేవడానికి లేదు. అంటే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, కోవా, పాల స్వీట్లు వద్దు. అమ్మ ఎంత ప్రేమగా పెట్టినా కస్టమ్స్‌లో పట్టుకుంటే చెత్తబుట్టలో పడేస్తారు, అది చూస్తే ఏడుపొస్తుంది. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి, చింతపండు, కారం, ధనియాల పొడి ఇవి తెచ్చుకోండి. పచ్చి కరివేపాకు తేకూడదు, ఇంట్లోనే నీడలో ఎండబెట్టి పొడి చేసి తెచ్చుకోండి. నెయ్యి గురించి దిగులొద్దు, ఇక్కడ ఉప్పు లేని వెన్న కొని కాచుకుంటే మన ఇంటి నెయ్యిలాగే వస్తుంది.

పచ్చళ్ళు ఒక్కోటి రెండు జిప్ కవర్లలో పెట్టి, దాని మీద పాత టవల్ చుట్టి, చెక్-ఇన్ బ్యాగ్ మధ్యలో పెట్టండి.

కుక్కర్. అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ స్టవ్ మీద వేడెక్కదు. ఇక్కడ మీకు ఏ స్టవ్ వస్తుందో ముందే తెలియదు కాబట్టి అడుగు చదునుగా, ఇండక్షన్‌కి పనికొచ్చే స్టీల్ కుక్కర్, మూడు లీటర్లది ఒకటి తెచ్చుకోండి. స్పేర్ గాస్కెట్ రెండు, విజిల్ ఒకటి కూడా వేసుకోండి. కరెంట్ మన లాంటిదే 230 వోల్టులే, కాబట్టి మిక్సీ పనిచేస్తుంది, కానీ మన మూడు పిన్నుల ప్లగ్ ఇక్కడి సాకెట్‌లో దూరదు. మిక్సీకి సరిపడా గట్టి అడాప్టర్ కావాలి, ఫోన్ చార్జర్‌కి వాడే చిన్నది పెడితే కాలిపోతుంది.

చేతి బ్యాగ్‌లోనే ఉండాల్సినవి (చెక్-ఇన్‌లో వేయొద్దు):

- పాస్‌పోర్ట్, వీసా, రెండేసి జిరాక్స్ కాపీలు
- యూనివర్సిటీ అడ్మిషన్ లెటర్
- బ్లాక్డ్ అకౌంట్ కన్ఫర్మేషన్
- ఇన్సూరెన్స్ కాగితాలు (ట్రావెల్ ఇన్సూరెన్స్‌తో సహా)
- ఇల్లు అగ్రిమెంట్, ఓనర్ ఫోన్ నంబర్ కాగితం మీద రాసి
- డిగ్రీ, మార్క్స్ మెమోలు ఒరిజినల్స్
- పెళ్ళైనవాళ్ళైతే మ్యారేజ్ సర్టిఫికెట్ ఒరిజినల్, జర్మన్ ట్రాన్స్‌లేషన్
- రోజూ వేసుకునే మందులు, డాక్టర్ చీటీతో
- ఒక జత బట్టలు, ఒక స్వెటర్

## 2. దిగిన రోజు: ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటి దాకా

ఫ్రాంక్‌ఫర్ట్ లేదా మ్యూనిక్‌లో మారి వస్తుంటే ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, బెర్లిన్‌లో కాదు. అందుకే మధ్యలో కనీసం రెండున్నర గంటలు గ్యాప్ ఉండేలా టికెట్ తీసుకోండి, క్యూ పెద్దగా ఉంటుంది. ఆఫీసర్ అడిగేవి సింపుల్: ఎందుకు వచ్చారు, ఎక్కడ ఉంటారు, ఏ యూనివర్సిటీ. కాగితాలు చేతిలో ఉంటే రెండు నిమిషాల పని.

బెర్లిన్ ఎయిర్‌పోర్ట్ స్టేషన్ టెర్మినల్ 1 కిందే ఉంది. టికెట్ మెషీన్ దగ్గర గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే, ఏబీసీ టికెట్ కొనాలి. ఎయిర్‌పోర్ట్ సీ జోన్‌లో ఉంది, ఊరు ఏ, బీ జోన్లలో. ఏబీ టికెట్ కొని ఎక్కితే తక్కువ ధరకి వచ్చింది అనుకుంటారు, చెకర్ వస్తే 60 యూరోల ఫైన్.

కాగితం టికెట్ కొంటే రైలెక్కే ముందు ప్లాట్‌ఫామ్ మీద ఉండే చిన్న డబ్బాలో దూర్చి స్టాంప్ వేయించుకోవాలి. కొన్నా, స్టాంప్ లేకపోతే టికెట్ లేనట్టే లెక్క. కొత్తగా వచ్చాను, తెలీదు అంటే వినరు. యాప్‌లో కొన్నదానికి స్టాంప్ అక్కర్లేదు, కానీ ఎక్కక ముందే కొనాలి.

మెయిన్ స్టేషన్ వైపు వెళ్ళాలంటే ఎఫ్ఈఎక్స్ అనే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కండి, అరగంట కూడా పట్టదు. రెండు పెద్ద సూట్‌కేసులుంటే ఎస్-బాన్ (లోకల్ రైలు) కంటే అదే సుఖం, సామాను పెట్టుకోడానికి చోటుంటుంది. మధ్యాహ్నం దిగేలా ఫ్లైట్ చూసుకోండి, రాత్రి పదకొండింటికి దిగితే తాళాలిచ్చేవాళ్ళు ఉండరు.

## 3. ఇంట్లో అడుగుపెట్టగానే

ముందు ఫోటోలు. గోడల మీద మరకలు, గీతలు, నేల, బాత్‌రూమ్, కిటికీలు, మీటర్ రీడింగ్, అన్నీ తీసి ఓనర్‌కి ఆ రోజే మెసేజ్‌లో పంపించేయండి. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ మొత్తం వెనక్కి రావాలంటే ఇదే ఆధారం.

తర్వాత, ఇది చాలా చాలా ముఖ్యం, లెటర్ బాక్స్ మీద మీ పేరు పెట్టండి. ఇక్కడ ఫ్లాట్ నంబర్లు ఉండవు చాలా ఇళ్ళకి. పోస్ట్‌మ్యాన్ బాక్స్ మీద పేరు చూసే వేస్తాడు, పేరు లేకపోతే లెటర్ తిరిగి వెళ్ళిపోతుంది. నేను వచ్చిన కొత్తలో ఎవరూ చెప్పలేదు, తొమ్మిది రోజులు పేరు పెట్టలేదు, నా బ్యాంక్ కార్డ్ వచ్చింది గానీ విడిగా వచ్చే పిన్ లెటర్ తిరిగి వెళ్ళిపోయింది. మళ్ళీ పంపించమని అడిగి, అది వచ్చేసరికి ఇంకో రెండు వారాలు, అప్పటిదాకా రూమ్‌మేట్ దగ్గర అప్పు. ఒక్క కాగితం ముక్క, టేపు. అంతే పని. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ ఎలా ఉందో అలాగే రాయండి. మన తెలుగువాళ్ళకి ఇంటిపేరు ఒకచోట, పేరు ఒకచోట తారుమారు అవుతుంటాయి కాబట్టి రెండూ రాసేయండి.

తాళం సంగతి. ఇక్కడ చాలా తలుపులకి బయటివైపు తిప్పే హ్యాండిల్ ఉండదు, మీరు బయటికొచ్చాక తలుపు మూసుకుందంటే లాక్ అయిపోయినట్టే. చెత్త పడేసి వద్దాం అని తాళం లేకుండా బయటికెళ్ళొద్దు. రాత్రిపూట తాళం తీసేవాళ్ళని పిలిస్తే వందల యూరోలు అడుగుతారు. వీలైతే ఒక స్పేర్ తాళం నమ్మకమైన ఫ్రెండ్ దగ్గర పెట్టండి.

పోపు పెట్టేటప్పుడు కిటికీ తీసి, వంటింటి తలుపు మూసి పెట్టండి. గదుల్లో స్మోక్ డిటెక్టర్లు ఉంటాయి, ఎండుమిర్చి ఘాటుకి మోగడం మొదలెడితే బిల్డింగ్ అంతా లేస్తుంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా సైలెన్స్ టైమ్, ఆ టైమ్‌లో మిక్సీ, వాషింగ్ మెషీన్ వద్దు. రోజుకి రెండుసార్లు ఐదేసి నిమిషాలు కిటికీలు బార్లా తీయండి, లేకపోతే చలికాలం గోడలకి బూజు పడుతుంది, అది మీ డిపాజిట్‌లోంచే పోతుంది.

## 4. రెండో రోజు: సరుకులు, సిమ్, చెత్త

మొదటి రోజు నిద్రొచ్చినా చీకటి పడేదాకా ఆపుకోండి. లేకపోతే వారమంతా తెల్లారుజాము మూడింటికి మెలకువ వచ్చేస్తుంది.

సిమ్ కి పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ తప్పనిసరి. సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్ కొంటే చౌకే కానీ వీడియో కాల్‌లో వెరిఫికేషన్ చేయాలి, దానికి మళ్ళీ ఇంటర్నెట్ కావాలి. పాస్‌పోర్ట్ చూసి కౌంటర్‌లోనే ఆక్టివేట్ చేసే షాప్‌లో తీసుకుంటే గొడవ ఉండదు. రెండేళ్ళ కాంట్రాక్ట్ మాత్రం మొదటి వారంలో సంతకం పెట్టొద్దు, ప్రీపెయిడ్ చాలు.

సరుకులకి ఆల్డీ, లిడిల్, నెట్టో చౌక. రేవే, ఎడేకా కొంచెం ఎక్కువ. పచ్చిమిర్చి, కొత్తిమీర కట్టలు, పుదీనా, వంకాయ, బెండకాయ ఇవి టర్కీ వాళ్ళ షాపుల్లో బావుంటాయి, పెరుగు కూడా అక్కడే పెద్ద డబ్బాల్లో దొరుకుతుంది, పెరుగన్నానికి మన రుచికి దగ్గరగా ఉంటుంది. మంగళవారం, శుక్రవారం మైబాఖ్‌ఊఫర్ కాలువ ఒడ్డున టర్కిష్ మార్కెట్ పెడతారు, చివరి గంటలో వెళ్తే కూరగాయలు చవగ్గా ఇచ్చేస్తారు. కందిపప్పు, సోనా మసూరి, ఇడ్లీ రవ్వకి ఇండియన్ షాప్ కి వెళ్ళాలి.

నీళ్ళు కొనక్కర్లేదు, కుళాయి నీళ్ళు తాగొచ్చు. కొనాల్సి వస్తే సీసా మీద "స్టిల్" అని ఉందో లేదో చూడండి, లేకపోతే సోడా నీళ్ళు వస్తాయి.

ప్లాస్టిక్ సీసా, క్యాన్ మీద 25 సెంట్లు డిపాజిట్ ఉంటుంది, దాన్ని ఫాండ్ అంటారు. ఖాళీ సీసాలు నలపకుండా దాచి సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేస్తే చీటీ వస్తుంది, బిల్లులో తగ్గిస్తారు. చెత్త: పసుపు డబ్బా ప్లాస్టిక్, రేకు, నీలం పేపర్, బ్రౌన్ కూరగాయల తొక్కలు, నల్లది మిగతాది.

పారాసిటమాల్ సూపర్‌మార్కెట్‌లో, డీఎం లాంటి షాపుల్లో అమ్మరు. ఎర్రటి ఏ అక్షరం బోర్డున్న అపోతెకె, అంటే మందుల షాపులోనే. ఎమర్జెన్సీకి 112, పోలీస్‌కి 110, రాత్రిపూట జ్వరం లాంటివాటికి డాక్టర్ కావాలంటే 116117. ఈ మూడూ ఇప్పుడే సేవ్ చేసుకోండి.

## 5. ఆన్‌మెల్డుంగ్ రోజు

తీసుకెళ్ళాల్సినవి:

- ఫారం నింపి, సంతకం పెట్టి (సిటీ వెబ్‌సైట్‌లో ఇంగ్లీష్ వివరణ కూడా ఉంటుంది)
- పాస్‌పోర్ట్ ఒరిజినల్
- ఇల్లిచ్చినవాళ్ళు సంతకం పెట్టిన కాగితం
- అపాయింట్‌మెంట్ నంబర్ స్క్రీన్‌షాట్

పది నిమిషాలు ముందు వెళ్ళి స్క్రీన్ ముందు కూర్చోండి. మీ నంబర్ పక్కన రూమ్ నంబర్ వస్తుంది, నేరుగా లోపలికి వెళ్ళిపోవడమే. ఫీజు లేదు. చాలా చోట్ల ఇంగ్లీష్ మాట్లాడరు, కాబట్టి జర్మన్ వచ్చిన ఫ్రెండ్‌ని తీసుకెళ్తే మంచిది. లేకపోయినా కాగితాలు సరిగ్గా ఉంటే మాట్లాడాల్సింది పెద్దగా ఉండదు.

ఫారంలో మతం అనే గడి ఉంటుంది. దీన్ని ఆలోచించి నింపండి. కాథలిక్, ప్రొటెస్టెంట్ చర్చి సభ్యులమని రాస్తే ఉద్యోగం వచ్చాక ఇన్‌కమ్ టాక్స్ మీద బెర్లిన్‌లో 9 శాతం చర్చి టాక్స్ కట్ అవుతుంది. మన క్రిస్టియన్ ఫ్రెండ్స్ ఇది తెలియకుండా రాసేసి తర్వాత పే స్లిప్ చూసి కంగారు పడుతుంటారు. కట్టాలనుకుంటే సంతోషం, కానీ తెలిసి రాయండి.

బయటికి రాకముందే చేతికిచ్చిన కాగితంలో పేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ, ఇంటి నంబర్ చూసుకోండి. అక్షరం తప్పున్నా అక్కడే చెప్పండి. ఆ కాగితం ఫోటో తీసి దాచుకోండి, ఏడాది పొడుగునా అడుగుతారు.

14 రోజుల్లో స్లాట్ దొరక్కపోతే? కంగారొద్దు. ఎంత త్వరగా దొరికితే అంత త్వరగా ఉన్న తేదీకి బుక్ చేసి, ఆ స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకోండి, మీరు ప్రయత్నించారని చూపించడానికి అదే ఆధారం. 115 కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు.

దీని తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో 11 అంకెల టాక్స్ నంబర్ పోస్ట్‌లో దానంతట అదే వస్తుంది (లెటర్ బాక్స్ మీద పేరుంటేనే!). పార్ట్‌టైమ్ జాబ్‌కి అది కావాలి, ఆ లెటర్ పారేయొద్దు. రేడియో, టీవీ ఫీజు కట్టమని కూడా ఒక లెటర్ వస్తుంది, నెలకి 18.36 యూరోలు. మోసం అనుకుని చింపేస్తారు చాలామంది. అది నిజమైనదే, కానీ మనిషికి కాదు ఇంటికి. షేరింగ్‌లో ఉంటే ఇప్పటికే కడుతున్న రూమ్‌మేట్‌కి ఆ ఫీజు కోసం ఇచ్చిన నంబర్ అడిగి రాసి పంపేస్తే మీరు విడిగా కట్టక్కర్లేదు.

## 6. ఇన్సూరెన్స్, యూనివర్సిటీ, బ్యాంక్: ఈ వరసలోనే

1. పబ్లిక్ హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీకి అప్లై చేయండి. మీకు 30 నిండకపోతే స్టూడెంట్ రేటు వర్తిస్తుంది. మీరు ఇన్సూర్ అయ్యారని వాళ్ళే యూనివర్సిటీకి ఆన్‌లైన్‌లో పంపిస్తారు, మీ చేతి కాగితం చాలదు.
2. అది చేరాక, సెమిస్టర్ ఫీజు కట్టాక ఎన్‌రోల్‌మెంట్ పూర్తవుతుంది.
3. అకౌంట్ తెరవండి. ఆన్‌లైన్ బ్యాంకుల్లో కొన్ని ఆన్‌మెల్డుంగ్ లేకుండానే తెరుస్తాయి, బ్రాంచ్ ఉన్నవాటిలో ఎక్కువ ఆ కాగితం అడుగుతాయి.
4. ఆ అకౌంట్ నంబర్ బ్లాక్డ్ అకౌంట్ వాళ్ళకి ఇవ్వండి.

వీసా ఎప్పటిదాకా ఉందో ఈ వారంలోనే చూసి ఫోన్‌లో రిమైండర్ పెట్టండి. అది అయిపోకముందే బెర్లిన్ ఇమిగ్రేషన్ ఆఫీస్‌కి ఆన్‌లైన్‌లో రెసిడెన్స్ పర్మిట్ అప్లికేషన్ పెట్టాలి. చివరి వారం దాకా ఆగొద్దు.

## 7. రైలు టికెట్, డబ్బు రెండుసార్లు పోకుండా

డాయిచ్‌లాండ్ టికెట్ అని దేశమంతా లోకల్ రైళ్ళు, బస్సులు, మెట్రోలకి ఒకే నెల టికెట్ ఉంది, 2026 జనవరి నుంచి 63 యూరోలు. కానీ చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ ఫీజులోనే దీని స్టూడెంట్ వెర్షన్ ఉంటుంది. కాబట్టి ఎన్‌రోల్‌మెంట్ ఆఫీస్‌ని ముందు అడగండి. తెలియక కొన్నవాళ్ళు ఆ నెల 10వ తారీఖులోపు క్యాన్సిల్ చేయాలి, లేకపోతే వచ్చే నెల డబ్బు కూడా దానంతట అదే కట్ అయిపోతుంది. ఐసీఈ, ఐసీ లాంటి ఫాస్ట్ రైళ్ళలో ఇది చెల్లదు.

ఫీజులో వచ్చే ఆ స్టూడెంట్ టికెట్‌నే సెమిస్టర్ టికెట్ అంటారు, అది అక్టోబర్ 1న మొదలవుతుంది. సెప్టెంబర్ చివర్లో వస్తే ఆ నాలుగైదు రోజులకి రోజు టికెట్‌లో లేదా వారం టికెట్‌లో గడిపేయండి.

## 8. ఊరు చూడటం: మూడు ఖాళీలు, మూడు చుట్లు

ఇప్పుడు కాస్త ఊపిరి పీల్చుకోండి. కొన్ని రోజులు ఆఫీసులు మధ్యాహ్నానికే మూసేస్తాయి, ఆదివారం షాపులు ఉండవు, ఆ టైమంతా మీదే. మొదటి వారంలో డబ్బు పెట్టి చూడాల్సిందేమీ లేదు, నాకు బాగా నచ్చినవన్నీ ఫ్రీ.

మొదటి చుట్టు: 100 నంబర్ బస్. జూ స్టేషన్ దగ్గర ఎక్కి పై అంతస్తులో ముందు సీట్లో కూర్చోండి. విక్టరీ కాలమ్, ప్రెసిడెంట్ ప్యాలెస్, రైష్‌టాగ్ (పార్లమెంట్ భవనం), ఉంటర్ డెన్ లిండెన్ వీధి దాటి అలెగ్జాండర్‌ప్లాట్స్ దాకా వెళ్తుంది. అక్కడ 368 మీటర్ల టీవీ టవర్ ఉంది, దాన్ని గుర్తుగా పెట్టుకుంటే ఊళ్ళో ఎక్కడున్నా దిక్కు తెలుస్తుంది.

రైష్‌టాగ్ దగ్గర దిగాలనుకుంటే, పైన అద్దాల గోపురం ఎక్కడం ఫ్రీ కానీ ముందే ఆన్‌లైన్‌లో పేరు, పుట్టిన తేదీ ఇచ్చి రిజిస్టర్ చేసుకోవాలి, పాస్‌పోర్ట్ ఒరిజినల్ తీసుకెళ్ళాలి. ఇండియాలో ఉండగానే బుక్ చేసుకోండి. సాయంత్రం స్లాట్ తీసుకుంటే వెలుతురులోనూ చూస్తారు, లైట్లు వెలిగాకా చూస్తారు. అక్కడి నుంచి బ్రాండెన్‌బర్గ్ గేట్ ఐదు నిమిషాల నడక. ఇంకాస్త ముందుకెళ్తే 2711 కాంక్రీట్ దిమ్మెల స్మారకం, హిట్లర్ కాలంలో చంపేసిన యూదుల కోసం కట్టింది. దయచేసి వాటి మీద ఎక్కి ఫోటోలు దిగొద్దు. సమాధుల దగ్గర ఎలా ఉంటామో అలాగే ఉండాలి అక్కడ.

రెండో చుట్టు: ఒకప్పుడు తూర్పు, పడమర బెర్లిన్‌లని విడదీసిన గోడ. అందరూ ఈస్ట్ సైడ్ గ్యాలరీకి వెళ్తారు, ఓస్ట్‌బాన్‌హోఫ్ స్టేషన్ నుంచి వార్షావర్ స్ట్రాసె దాకా 1.3 కిలోమీటర్ల గోడ మీద బొమ్మలు. బావుంటుంది, వెళ్ళండి. కానీ ఒక్కటే చూసే టైముంటే నేను బెర్నావర్ స్ట్రాసె కి వెళ్ళమంటా. 1961లో మొదలైన గోడ, దాని వెనక ఖాళీ స్థలం, కావలి టవర్ అక్కడ చూడొచ్చు. ఒకే వీధిలో ఈ పక్క ఇల్లు ఒక దేశం, ఆ పక్క ఫుట్‌పాత్ ఇంకో దేశం అయిపోయింది, జనం కిటికీల్లోంచి దూకి పారిపోయారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు చాలాసేపు అక్కడే నిలబడిపోయా.

మూడో చుట్టు: ఆదివారం. పొద్దున మావర్‌పార్క్ సంత, పాత సైకిళ్ళు, గిన్నెలు, టేబుల్ ల్యాంపులు దొరుకుతాయి, ఇంటికి కావాల్సినవి కూడా అయిపోతాయి. సాయంత్రం టెంపెల్‌హోఫర్ ఫెల్డ్. 2008లో మూసేసిన ఎయిర్‌పోర్ట్ రన్‌వే మీద ఇప్పుడు జనం నడుస్తారు, సైకిల్ తొక్కుతారు, గాలిపటాలు ఎగరేస్తారు. చీకటి పడేసరికి గేట్లు మూసేస్తారు కాబట్టి అక్టోబర్‌లో ఐదింటికల్లా వెళ్ళండి. ఇంటి మీద బెంగ ఎక్కువైతే యూ7 మెట్రో లైన్‌లో బ్లాష్కోఅలే స్టేషన్‌లో దిగండి, దగ్గర్లో మురుగన్ గుడి ఉంది, గోపురం కనబడితేనే మనసు తేలికపడుతుంది.

పాత వీడియోలు చూసి మోసపోయే విషయాలు రెండు: నెలలో మొదటి ఆదివారం మ్యూజియంలు ఫ్రీ అన్న స్కీమ్ 2024 డిసెంబర్‌తో ఆపేశారు, పెర్గామోన్ మ్యూజియం 2023 అక్టోబర్ నుంచి పూర్తిగా మూసి ఉంది. మ్యూజియం ఐలాండ్‌లో డబ్బు పెట్టాలనుకుంటే ఈజిప్ట్ రాణి నెఫెర్టిటి విగ్రహం ఉన్న నోయెస్ మ్యూజియం చూడండి, అది కూడా రెండో వారంలో.

బెర్లిన్ పక్క ఊరు పోట్స్‌డామ్‌లో సాన్‌సూసీ పార్క్ కూడా ఒక పూట పని, సెమిస్టర్ టికెట్‌లోనే వెళ్ళొచ్చు. ప్యాలెస్ సోమవారం సెలవు.

## 9. అందరూ చేసే తప్పులు, సరిచేసుకునే దారి

శనివారం సరుకులు తేకపోవడం. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూత. అక్టోబర్ 3 జాతీయ సెలవు, ఆ రోజు కూడా అంతే. ఆకలేస్తే మెయిన్ స్టేషన్‌లో ఉన్న షాపులు, వీధి చివర ష్పేటి అనే చిన్న కొట్లు తెరిచి ఉంటాయి, ధర ఎక్కువ.

జర్మన్‌లో టైమ్ "హాల్బ్ డ్రై" అని చెప్తే మూడున్నర అనుకోవడం. అది రెండున్నర. ఇంటి వ్యూయింగ్‌కి గంట లేటుగా వెళ్తే ఇల్లు పోయినట్టే. తిరిగి మెసేజ్‌లో అంకెల్లో అడిగి ఖాయం చేసుకోండి.

కార్డ్ ఒక్కటే పెట్టుకుని తిరగడం. చిన్న హోటళ్ళు, సంతలు, కొన్ని కొట్లలో క్యాషే. జేబులో 30 యూరోలు ఎప్పుడూ ఉంచండి.

సైకిల్ దారిలో నడవడం. ఫుట్‌పాత్ మీద ఎర్రటి పట్టీ సైకిళ్ళది. సూట్‌కేస్ లాక్కుంటూ దాని మీద నడిస్తే వెనక నుంచి వేగంగా వచ్చేస్తారు, దెబ్బ తగులుతుంది.

లెటర్లు జర్మన్‌లో ఉన్నాయని పక్కన పడేయడం. ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ యాప్ తీసి ఆ రోజే చదవండి. ప్రతి లెటర్‌లో ఒక చివరి తేదీ ఉంటుంది, దాని కింద గీత గీసి తలుపుకి అంటించండి.

మొదటి రాత్రి ఇంటికి ఫోన్ చేయకపోవడం. చార్జింగ్ లేదని, వైఫై లేదని ఊరుకుంటారు, అక్కడ అమ్మావాళ్ళు తెల్లవార్లూ మేలుకునే ఉంటారు. ఎయిర్‌పోర్ట్‌లో ఫ్రీ వైఫై ఉంది, బ్యాగ్ కోసం నిలబడినప్పుడే ఒక మెసేజ్ పెట్టేయండి.